భయాల వేలం

తాహెరా చేసే ఉద్యోగం ఏమిటో వాళ్ళ నాన్నకి చాలాకాలం దాకా అంతుపట్టలేదు. పాతపోస్టాఫీసు దగ్గర గులాం మొహమ్మద్‌కి ట్రంకుపెట్టెలు చేసే దుకాణం ఉండేది. పెట్టె కొనడానికి వచ్చినవాళ్ళు "మీ అమ్మాయి ఏం చేస్తోంది సాయిబు గారూ" అని అడిగితే, రేకు మీద సుత్తి ఆపి కాసేపు ఆలోచించి, "పిల్లలతో మాట్లాడుతుంది" అనేవాడు. టీచరా అంటే కాదనేవాడు. డాక్టరా అంటే అదీ కాదనేవాడు. ఊరికే మాట్లాడితే జీతమిస్తారా అని వాళ్ళు నోరెళ్ళబెట్టేవారు. ఇస్తారు గానీ ఎక్కువ ఇవ్వరు అని ఆయన నిజాయితీగా ఒప్పుకుని, మళ్ళీ సుత్తి అందుకునేవాడు.

ఆయన్ని తప్పుపట్టడానికి లేదు. అది పందొమ్మిది వందల డెబ్భై తొమ్మిది. ఒంటికి జ్వరమొస్తేనే కషాయం పోసి ఊరుకునే ఇళ్ళలో, పిల్లల మనసుకి వైద్యమంటే ఎవరు చెవిన పెడతారు? యూనివర్సిటీలో సైకాలజీ చదివి, మద్రాసులో ఆసుపత్రి శిక్షణ కూడా ముగించుకుని వచ్చిన తాహెరాకి విశాఖపట్నం మొత్తంలో దొరికిన ఉద్యోగం ఒక్కటే. ద్వారకా నగర్‌లో శ్రీరామ్మూర్తి గారనే రిటైరైన డాక్టరు, తన ఇంటి ముందుగదిలో ఒక చిన్న సేవాసంస్థ పెట్టుకున్నాడు. మనసు చెదిరిన బీదపిల్లలు మన దాకా రారు, మనమే వాళ్ళ బడి దాకా వెళ్ళాలి అని ఆయన పట్టుదల. ఆ మాటకి తోటి డాక్టర్లు చాటున నవ్వుకునేవారట. నవ్వితే నవ్వనీ అని, తాహెరా చేతిలో కొన్ని బొమ్మల కార్డులు పెట్టి, ఆయన ఆమెను ఫిషింగ్ హార్బర్ పక్కనున్న మునిసిపల్ బడికి పంపాడు.

అక్కడ ఆమెకి గది ఇవ్వలేదు. వరండా చివర మంచినీళ్ళ కుండల పక్కన కాస్త చోటు చూపించారు, వారానికి రెండు మధ్యాహ్నాలు. హెడ్మాస్టరు జగ్గయ్య గారు మంచివాడే గానీ మహా పిరికి. ఇన్‌స్పెక్టరంటే భయం, జాలరిపేట పెద్దలంటే భయం, వానొస్తే బడి కప్పు కారుతుందేమోనని భయం. "మా పిల్లలకి మనసెక్కడిదమ్మా, ఉన్నది ఆకలొకటే" అన్నాడు మొదటిరోజే. పేటలో ఇంకో పుకారు పుట్టింది. సాయిబుల టీచరమ్మ పిల్లల్ని పిచ్చాసుపత్రికి ఏరుకుపోవడానికి వచ్చిందట. ఆ వారమంతా వరండాలో తాహెరాకి కుండలే తోడు.

పుకారుకి జడవకుండా కూతుర్ని చేయి పట్టుకుని లాక్కొచ్చిన తల్లి కాసులమ్మ ఒక్కతే. చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊరంతా తిరిగే మనిషి, మొహమాటం ఎరగదు. కూతురు పైడితల్లికి ఎనిమిదేళ్ళు. ఒకప్పుడు ఆ పిల్ల ఒడ్డున నిలబడి కేకేస్తే సముద్రంలో తెప్ప మీదున్న తండ్రికి వినపడేదని పేటలో చెప్పుకునేవారు. ఒక సాయంత్రం ఆ తండ్రి తెప్ప ఒడ్డు కనిపించే దూరంలోనే తిరగబడింది. శవం కూడా దొరకలేదు. ఆ పూట నుంచి పైడితల్లి నోరు మూతపడింది. ఏడాది దాటినా అన్నం పెట్టమని కూడా అడగలేదు.

"గాలి సోకిందంతన్నారమ్మా," అంది కాసులమ్మ. "కొండవార ఊర్లో బూతవైద్యుడున్నాడంట. అమావాసెకి తీసుకెల్తే నాలిక మీద వాతెట్టి నోరిప్పిస్తాడంట. ఇంకేటి సెయ్యమంతావు సెప్పు. మాస్టారేమో మూగపిల్లని బడిలో ఉంచనంతన్నాడు."

కాల్చిన ఇనుమూ, ఎనిమిదేళ్ళ పిల్ల నాలుకా. తిడితే ఆ తల్లి ఇంకోసారి రాదని తెలుసు కాబట్టి తాహెరా కోపం దిగమింగుకుని, "ఈ అమావాస్య నాకొదిలెయ్ కాసులమ్మా. పిల్లని ఇక్కడ కూర్చోబెట్టు చాలు" అని బతిమాలింది. కాసులమ్మ, "ఇదొక్కటీ ఒగ్గేత్తాను. ఆ వచ్చేది మాత్రం ఒగ్గను" అంది. అలా ఆ పిల్ల నాలుకకి ఒక నెల గడువు దొరికింది.

మెల్లగా మిగతా పిల్లలు కూడా చేరారు. బొమ్మల కార్డులు చూస్తే బొరుగులు పెడుతుందని తెలిసి చేరారు, మనసు విప్పడానికేం కాదు. కార్డుల మీద ఇంకు మరకలుంటాయి. అందులో ఏం కనపడుతుందో చెబితే, లోపల ఏముందో తెలుస్తుందని శాస్త్రం. జాలరిపేట పిల్లలకి అన్ని కార్డుల్లోనూ చేపలే కనపడ్డాయి. ఒకడికి చందువ, ఒకడికి వంజరం, ఇంకొకడికి సొర. తాహెరా తల పట్టుకుని కూర్చుంటే, వరహాలు అనే తొమ్మిదేళ్ళ వాడు ఆ కార్డులన్నీ లాక్కుని నేలమీద కుప్ప పోశాడు. హార్బర్‌లో చేపల వేలం వేసే సూరన్న కొడుకు వాడు. తండ్రిలాగే నడుం మీద చెయ్యేసుకుని, "తాజా సరుకండి, ఇప్పుడే దిగింది, పాడుకోండి. ఒకటోసారి" అని మొదలుపెట్టాడు. అంతసేపూ గోళ్ళు కొరుక్కుంటూ కూర్చున్న పిల్లలంతా ఒక్కసారి లేచి పాట పెంచారు. బడి దద్దరిల్లింది. మద్రాసు నుంచి మోసుకొచ్చిన శాస్త్రాన్ని కాసేపు పక్కనపెట్టి, తాహెరా ఆ ఆటను కళ్ళప్పగించి చూసింది.

తర్వాతి పాఠానికి ఆమె వేలాన్నే పెట్టింది. సరుకు మాత్రం చేపలు కాదు, భయాలు. భయమున్న పిల్ల మధ్యలో కూర్చుని, అది ఎంతుంటుందో, ఏ వేళకి వస్తుందో, వచ్చి ఏం చేస్తుందో దాపరికం లేకుండా సరుకు చూపించినట్టు చెప్పాలి. చుట్టూ ఉన్నవాళ్ళు పాడుకోవాలి, డబ్బుతో కాదు, చేతనైన సాయంతో. తాగొచ్చి కొట్టే తండ్రి భయానికి ఒక పిల్ల "ఆయన తాగిన దినం మా ఇంట్లో తొంగో" అని పాడింది. తెప్ప ఎక్కాలంటే వణికే పిల్లాడి భయానికి ఒకడు "నీ సెయ్యి నాను అట్టుకుంటాను" అన్నాడు. మూడోసారి అన్నాక కొన్నవాడు మాట తప్పకూడదు. హార్బర్‌లో ఎంత కట్టుబాటో ఇక్కడా అంతే.

ఎదురుగా కూర్చోబెట్టుకుని ఎంత లాలనగా అడిగినా పెదవి విప్పని పిల్లలు, వేలంలో సరుకు అనేసరికి తమ భయాన్ని గొప్పగా చెప్పుకోవడం మొదలుపెట్టారు. నాది పెద్దదంటే నాది పెద్దదని పోటీ పడ్డారు. పక్క తడిపేవాడు మానేశాడు. బడి ఎగ్గొట్టి ఐసు ఫ్యాక్టరీ వెనక దాక్కునేవాళ్ళు బుద్ధిగా రావడం మొదలుపెట్టారు. తాహెరా బడికి వెళ్ళొచ్చినప్పుడల్లా డాక్టరు గారికి ఈ కబుర్లు మోసుకెళ్ళేది, ఏనుగెక్కినంత సంబరంతో. పైడితల్లి మాత్రం మాట్లాడలేదు. కానీ మొదట గోడకి ముఖం పెట్టి కూర్చున్న పిల్ల ఇటు తిరిగింది. తర్వాత కుండల దగ్గరికి జరిగింది. ఆ తర్వాత వలయంలో చేరి మోకాళ్ళ మీద గడ్డం ఆనించుకుని, ఒక్కో పాటా వినేది. అమావాస్య దగ్గరపడుతోంది. తాహెరాకి నిద్ర పట్టడం లేదు.

సరిగ్గా అప్పుడే కొంప మునిగింది. చలమయ్య కొడుకు నూకాలు తన భయాన్ని వేలానికి తెచ్చాడు. సముద్రంలో పోయినవాళ్ళు రాత్రిళ్ళు పేరు పెట్టి పిలుస్తారనీ, పలికితే తమతో తీసుకుపోతారనీ వాడికి భయం. దాన్ని వరహాలు కొన్నాడు. "నిన్ను పిలిస్తే నాను పలుకుతాను. నువ్వు సుబ్బరంగా తొంగో" అని పాట పాడాడు. నూకాలు ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు. వరహాలుకి మాత్రం చలిజ్వరం ముంచుకొచ్చింది. ఒళ్ళు తెలియని జ్వరంలో ఎవరికో "వత్తన్నాను, వత్తన్నాను" అని జవాబు చెప్పడం ఇంటిల్లిపాదీ విన్నారు.

వరహాలు నాయనమ్మ సన్యాసమ్మ తెల్లారేసరికి పేటంతా ఏకం చేసింది. తాహెరా పిల్లాడికి రక్తపరీక్ష చేయించి, అది మలేరియా అని తేలాక మాత్రలు మింగించింది. "మలేరియా మా ఈదిలో అందరికీ వత్తాది. ఈడికి సరిగ్గా ఆ రేత్రే ఎందుకొచ్చినట్టు?" అని అడిగింది సన్యాసమ్మ.

గురువారం మధ్యాహ్నం, పడవల సందడి సద్దుమణిగాక, పేట పేటంతా బడి ఆవరణలో కూర్చుంది. అమావాస్య ఆదివారం. జగ్గయ్య మాస్టారు ముందే చేతులెత్తేశాడు. పెద్దలు వద్దంటే ఆ వరండా పాఠం ఈ పూటతో ఆఖరు, మీ డాక్టరు గారికి నేను ఉత్తరం రాస్తాను అని తాహెరాతో చెప్పేశాడు. పాఠం పోతే పైడితల్లికి మిగిలేది వాతే. జనంలో ఎక్కడో కాసులమ్మ కూతుర్ని పక్కన పెట్టుకుని కూర్చుని ఉంది. తాహెరా అటు చూడలేకపోయింది.

మనవాళ్ళకి తగువంటూ వస్తే అది ఎటు తిరుగుతుందో దేవుడికి కూడా తెలియదు. దెయ్యం ఉందా లేదా అన్నది అక్కడ ఎవరికీ ప్రశ్న కాదు. అమ్మిన సరుకు వెనక్కి తీసుకోవాలా వద్దా అన్నదే గొడవ.

"ఆల గుంటడి దెయ్యాన్ని నా మనవడు కొనీసినాడు. ఆల సరుకు ఆలకే తిరిగిచ్చీండి," అంది సన్యాసమ్మ.

"అదెలగవుద్ది అత్తా?" చలమయ్య ఒంటికాలి మీద లేచాడు. "మూడోసారి అన్నాక సరుకు కొన్నోడిదే. కుల్లిపోనా మాకు సమ్మందం నేదు. ఈ మాట రోజూ సెప్పేది మీ సూరన్న బావే కాదేటి?"

అందరూ సూరన్న వైపు తిరిగారు. తీర్పు చెప్పాల్సినవాడూ అతనే, జ్వరంతో మూలుగుతున్న కొడుకు తండ్రీ అతనే. ఎంతమందిలోనైనా జంకు లేకుండా వేలం వేసే మనిషి, ఆ పూట నేల చూపులు చూస్తూ, "కట్టుబాటు కట్టుబాటే. తిరిగిచ్చీడానికి నేదు" అన్నాడు మెల్లగా. సన్యాసమ్మ కొడుకుని నానా తిట్లూ తిట్టింది. ఈ టీచరమ్మ పెట్టిన చిచ్చు ఇది, ముందు ఈమెను పంపించండి అని నలుగురు లేచారు.

దెయ్యాలు లేవని చెప్పడానికి తాహెరా నోరు తెరిచి, మళ్ళీ మూసేసుకుంది. అది వినే స్థితిలో అక్కడ ఎవరూ లేరు. సూరన్న వైపు తిరిగి అడిగింది. "కొన్న సరుకు కొన్నవాడు మళ్ళీ వేలానికి పెట్టొచ్చా?"

"ఎట్టొచ్చు. దానికి అడ్డేటి," అన్నాడు సూరన్న.

"అయితే పెట్టండి. నేను కొంటాను."

"నీకు కుదరదు టీచరమ్మా. వేలం ఎట్టినోలు పాట పాడకూడదు. ఈ వేలం ఎట్టింది నువ్వు."

అదీ కట్టుబాటే. తాహెరాకి తల ప్రాణం తోకకొచ్చింది. కానీ సూరన్న ముఖంలో అప్పటికే చిన్న ఆశ పుట్టింది. కొడుకు కోసం లేచి నిలబడి, నడుం మీద చెయ్యేసుకుని, ఐసు ఫ్యాక్టరీ మోతను మింగేసే ఆ గొంతుతో సరుకు చెప్పాడు. "సముద్రంలో పోనోలు రేత్రికి పేరెట్టి పిలుత్తారు. పలికినోడికి జొరమొత్తాది. తీసుకునీవోలు ఎవులైనా ఉన్నారా. ఒకటోసారి."

తుపాను గాలిలో పడవ దించే మగవాళ్ళు తలలు దించుకున్నారు. ఆడవాళ్ళు పిల్లల్ని కొంగుల చాటుకి లాక్కున్నారు.

"రెండోసారి," అన్నాడు సూరన్న.

"నాను కొంటాను."

ఎవరన్నారో ఎవరికీ తెలియలేదు. తుప్పు పట్టిన తలుపు తెరుచుకున్నట్టు ఉంది ఆ గొంతు. కాసులమ్మ పక్కనుంచి పైడితల్లి లేచి నిలబడి ఉంది. కాసులమ్మ కూతురు కాళ్ళు పట్టుకుని, కళ్ళు పైకెత్తి చూసింది. తాహెరా కదలబోయి ఆగింది. ఆ క్షణంలో ఎవరు ఏం మాట్లాడినా ఆ గొంతు మళ్ళీ మూసుకుపోతుందని ఆమెకి తెలుసు.

రోజూ వేలం వేసే అలవాటు సూరన్నని కాపాడింది. ఏ కొనుగోలుదారునైనా అడిగినట్టే అడిగాడు. "ఏటిత్తావు?"

"పిలిత్తే పలుకుతాను," అంది పైడితల్లి. మళ్ళీ అంది. "పిలిసేది మా అయ్యే అయ్యుంటాడు."

పేటలో అందరూ భయంతో చెవులు మూసుకునే పిలుపు కోసం ఆ పిల్ల ఏడాదిగా చెవులు రిక్కించి ఎదురుచూసింది. అది అర్థమై, చలమయ్య అంతటివాడు తలపాగా తీసి ముఖం కప్పుకున్నాడు. పైడితల్లికి మాత్రం ఆ ఊపులో మాట ఆగలేదు. "ఆ దినం నాను కేకేసినాను. అయ్య ఇటు తిరిగి సూసినాడు. తెప్ప తిరగబడిపోనాది. నాను పిలవకపోతే సచ్చిపోడు."

తాహెరాకి అప్పటికి తెలిసింది, ఆ నోటికి తాళం వేసింది ఎవరో. గాలి కాదు, దెయ్యం కాదు, ఆ పిల్లే. తన గొంతు మనిషిని చంపుతుందని నమ్మి, ఇంకెవరికీ ఏమీ కాకుండా దాన్ని దాచిపెట్టుకుంది. ఎనిమిదేళ్ళ పిల్ల, ఒక్కతే, ఏడాదిపాటు. దగ్గరికి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుని, "ఆ రోజు అయ్య పక్క తెప్ప మీద ఎవరున్నారు తల్లీ?" అని అడిగింది.

పైడితల్లి వేలు పెట్టి చూపించింది. ఆ వేలు సూరన్న వైపు ఉంది. అప్పటికింకా అతను వేలం పనిలోకి రాలేదు, సముద్రానికే పోయేవాడు. "నానే ఉన్నాను," అన్నాడు సూరన్న. వచ్చి ఆ పిల్ల ముందు గొంతుక్కూర్చున్నాడు. "తెప్ప కట్టు ముందే తెగిపోనాదే. నువ్వు కేకెయ్యకముందే దుంగలు ఇడిపోతన్నాయి. నాను సూసినాను, తాడు ఇసిరేలోపు ఎనకనించి పెద్ద అలొచ్చీసింది. నీ కేక వల్ల ఏటీ అవలేదు. నీ కేక ఇని, 'అదిగో నా కూతురు' అని మీ అయ్య నవ్వినాడు. ఆకరికి ఆడు ఇన్నది అదే. ఈ మాట నీకు సెప్పాలని మాకెవులికీ తోసలేదు తల్లీ. తప్పు మాది."

పైడితల్లి నోరు తెరిచి ఏడ్చింది. ఏడాది ఏడుపు, దానికి మర్యాదలేం ఉండవు. కాసులమ్మ కూతుర్ని ఒళ్ళోకి లాక్కుని తనూ ఏడుస్తూ, "కేకెయ్యే, కేకలెయ్యే, గట్టిగా కేకెయ్యే నా తల్లీ" అంది. పేట ఆడవాళ్ళంతా వాళ్ళ చుట్టూ చేరిపోయారు. సూరన్న లేచి, కళ్ళు తుడుచుకుని, "మూడోసారి" అని ఖరారు చేశాడు.

వరహాలు జ్వరం శనివారానికి దిగింది. మాత్రల వల్ల దిగిందని తాహెరా అనేది. పైడితల్లి కొనడం వల్లనని సన్యాసమ్మ బతికున్నంతకాలం అనేది. ఆదివారం అమావాస్య వచ్చింది, పోయింది. కొండవార ఊరికి ఎవరూ వెళ్ళలేదు.

ఎనభైల్లో ఆ పాఠం చాలా బడులకి పాకింది. ఉక్కు ఫ్యాక్టరీకి ఊళ్ళు ఖాళీ చేసి వచ్చిన కుటుంబాల కాలనీలకీ, అటు పెందుర్తి దాకా వెళ్ళింది. ఏ బడి పిల్లలు ఏ ఆట ఆడతారో ముందు చూసి, ఆ ఆటలోనే కూర్చునేది తాహెరా. ఎక్కడెక్కడినుంచో అధికారులు వచ్చి పొగిడి వెళ్ళారు. గులాం మొహమ్మద్ కూడా "మాట్లాడుతుంది" అనడం మానేసి "మాట్లాడిస్తుంది" అనడం మొదలుపెట్టాడు. కానీ తన బతుకులో అన్నిటికన్నా పెద్ద రోజు ఏదని అడిగితే ఆమె ఆ గురువారం పేరు చెప్పేది కాదు, దాని తర్వాత వచ్చిన మంగళవారం పేరు చెప్పేది.

ఆ మంగళవారం ఆమె బడి గేటు దగ్గరికి వచ్చేసరికి పైడితల్లి బెంచీ ఎక్కి నిలబడి కనిపించింది. గేటు అవతల చేపల గంప నెత్తిన పెట్టుకుని వెళ్తున్న కాసులమ్మ కూడా చూసింది. చూడగానే గంప దించి, కొంగు బిగించి లోపలికి దూసుకొచ్చింది.

"నా గుంటని ఎందుకు నిలబెట్టినావు బాబూ?"

జగ్గయ్య మాస్టారు బిక్కచచ్చిపోయి, "ఒకటే వాగుడమ్మా," అన్నాడు. "పొద్దుట్నుంచి నోరు మూయడం లేదు. నన్ను పాఠం చెప్పనివ్వడం లేదు."

కాసులమ్మ గుమ్మంలో అలాగే నిలబడిపోయింది. చేపల వాసన చేతులతో ముఖం తుడుచుకుంది. తర్వాత, బెంచీ మీద నుంచి పక్కపిల్లకి ఇంకా ఏదో చెబుతున్న కూతుర్ని చూస్తూ, మాస్టారుకి దండం పెట్టింది.

"ఏటన్నావు బాబూ?" అంది. "మరోపాలి సెప్పు."